ఎల్పీ చివరి పాటలో ‘స’ బుస్సుమంటోంది, కార్ట్రిడ్జ్ సెట్టింగ్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: రికార్డు ప్లేయర్‌కి కొత్తగా ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ఆర్మ్ చివర సూది ఉండే భాగం) బిగించాను. మొదటి పాటలు శుభ్రంగా వస్తున్నాయి. చివరి పాటకొచ్చేసరికి స, ష బుస్సుమంటున్నాయి. కౌంటర్‌వెయిట్ (ఆర్మ్ వెనక ఉండే, సూది బరువు సరిచేసే దిమ్మ) మీద అంకె 2 దగ్గరే ఉంది.

జవాబు: ఆ అంకెని నమ్మకండి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా మీద తూచండి. సూది ఆనే చోటు రికార్డు ఎత్తులోనే ఉండాలి. దీనికి 1.8 నుంచి 2.2 గ్రాములు, 2.0 పెట్టండి. బరువు తగ్గిస్తే రికార్డు అరగదనుకుంటారు గానీ, తక్కువైతే సూది పట్టు తప్పి గాడి గోడల్ని కొడుతుంది. పాడయ్యేది అలాగే.

అసలు అనుమానం అలైన్‌మెంట్ మీద, అంటే గాడిలో సూది నిలిచే కోణం మీద. లోపలి గాడి చుట్టు చిన్నది, అంత శబ్దమూ తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది, కోణం కాస్త తప్పినా అక్కడే దొరికిపోతుంది. బేర్‌వాల్డ్ ప్రొట్రాక్టర్ (ఆ కోణం సరిచూసే గీతల కాగితం) 100 శాతం సైజులో ప్రింట్ తీసి, స్పిండిల్ (రికార్డు కన్నంలో దూరే కడ్డీ) మధ్య నుంచి రెండు చుక్కలూ 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర పడ్డాయో లేదో స్కేలుతో కొలవండి. సూదిని ఒక్కో చుక్క మీద దించినప్పుడు కాంటిలివర్ (సూదిని మోసే సన్నటి కడ్డీ) గళ్ల గీతలకి సమాంతరంగా ఉండాలి. కార్ట్రిడ్జ్ బాడీని చూసి సరిపెట్టుకోవద్దు, కొన్నిట్లో రెండూ ఒకే వరసలో ఉండవు. ఒక చుక్క దగ్గర కుదిరి రెండోదాని దగ్గర వంకరపోతే తిప్పి లాభం లేదు, కార్ట్రిడ్జ్‌ని అర మిల్లీమీటరు ముందుకో వెనక్కో జరపాలి. స్క్రూలు ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఒకేసారి బిగిస్తే బాడీ తిరిగిపోతుంది. జరిపాక బరువు మారుతుంది, మళ్లీ తూచండి.

ప్రశ్న: చేశానండీ. చాలా తగ్గింది, కుడి స్పీకర్లో మాత్రం ఇంకా ఉంది.

మరో జవాబు: ఆంప్ వెనకాల ప్లేయర్ నుంచి వచ్చే ఆర్‌సీఏ తీగలు ఎడమ కుడి మార్చి చూడండి. బుస ఎడమ స్పీకర్‌కి వెళ్తే తేడా ప్లేయర్ వైపే, యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి జారకుండా బయటికి లాగే సెట్టింగ్) చాలట్లేదు. ఆర్మ్ లోపలికి లాగేస్తుంటే సూది లోపలి గోడకి, అంటే ఎడమ చానల్‌కి ఆనుకుని కుడి గోడని వదిలేస్తుంది. ఆ సెట్టింగ్‌ని పావు అంకె చొప్పున పెంచుతూ అదే పాట చివర వినండి. గాడి లేని డిస్కు మీద సూది నిలబడేలా సెట్ చేసే పద్ధతి వద్దు, అక్కడ రాపిడి వేరు.

ఒక్క రికార్డులోనే మిగిలితే అది గాడి అరుగుదల. పాత సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు 5 గ్రాముల దాకా బరువుతో తిప్పిన రికార్డుల్ని ఏ సెట్టింగూ బాగుచెయ్యదు. అన్నిట్లోనూ కొంచెం మిగిలితే ఇదే బాడీకి వీఎం95ఎంఎల్ సూది నేరుగా ఎక్కుతుంది. దాని అంచు సన్నం, లోపలి గాడిని ఈ సూదికన్నా బాగా చదువుతుంది.