అరకు ఘాట్‌లో ఇంజన్ టకటకా సౌండ్, ప్రీమియం పెట్రోల్ కొట్టిస్తే పోద్దా?

మధురవాడ కుర్రోడు:
అన్నలూ, నాది 2016 పెట్రోల్ కారు. బీచ్ రోడ్లో బానే ఉంటది గానీ అరకు ఘాట్ ఎక్కేటప్పుడు థర్డ్ గేర్లో గట్టిగా తొక్కితే ఇంజన్లోంచి గోళీలు గిలకరించినట్టు సౌండొస్తోంది, మైలేజీ కూడా పడిపోయింది. ఒకాయన ప్రీమియం కొట్టించమంటాడు, ఇంకొకాయన పెట్రోల్లో కలిపే అడిటివ్ బాటిల్ పొయ్యమంటాడు. ఏది చెయ్యను?

గాజువాక మెకానిక్:
తమ్ముడూ అది నాకింగ్. ప్లగ్ దగ్గర మొదలైన మంట చేరేలోపే మిగిలిన మిక్చర్ దానంతటదే అంటుకుంటే అలా కొడతది. ఆక్టేన్ అంటే పవర్ కాదు, పెట్రోల్ అలా దానంతటదే అంటుకోకుండా ఆపుకునే గుణం, అంతే. ముందు సెకండ్ గేర్లోకి దించి ఎక్కు, తగ్గిపోవచ్చు. తగ్గకపోతే ప్లగ్గులు, లోపల కార్బన్ చూపించు. నాకింగ్ లేని బండికి 95 ఆక్టేన్ ప్రీమియం పోస్తే డబ్బులు దండగ.

స్టీల్‌ప్లాంట్ రావు:
మైలేజీ సంగతి ఈ20 బాబూ, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్లో ఎనర్జీ పెట్రోల్ కన్నా మూడోవంతు తక్కువ, 20 శాతం కలిపితే లీటరుకి ఆరేడు శాతం పోయినట్టే, ఏ బాటిల్ పోసినా అది తిరిగి రాదు. ఇథనాల్ నీటిని లాక్కుంటది, మన వైజాగ్ గాలిలో తేమ తెలిసిందే, అందుకని సగం ట్యాంకుతో బండిని నెలలకొద్దీ వదిలెయ్యకు. పాత బండి కదా, ఇథనాల్‌కి రబ్బరు పైపులు పాడవ్వొచ్చు, అవి కూడా చూపించుకో.

గాజువాక మెకానిక్:
ఇంజెక్టర్లు మురికి పడితే మాత్రం పీఈఏ (పాలీఈథర్ అమైన్ అనే మురికి వదిలించే రసాయనం) ఉన్న క్లీనర్ పనిచేస్తది. కల్తీ అనుమానముంటే బంకులో ఫిల్టర్ పేపర్ అడుగు, ఇవ్వాల్సిందే. దాని మీద వేసిన నాజిల్ చుక్క ఆరాక ముదురు మరక మిగిలితే తేడా ఉన్నట్టే.