బ్రైటన్‌లో రెండు రాత్రులకు రూం: మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఏది మేలు?

అనంతపురం పాతూరు:
అందరికీ నమస్కారం. బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను. మావాడు ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాడు. జూన్‌లో మేమిద్దరం వాడి దగ్గరికి పోతున్నాం. అక్కడ సముద్రం ఒడ్డున రెండు రోజులు ఉండాలని మా ఆవిడ కోరిక. పుట్టి పెరిగిందంతా అనంతపురంలోనే, ఆ మాత్రం కోరిక న్యాయమే. మావాడికి లీవు లేదు, "బ్రైటన్ పోయి రండి నాన్నా, రూం మీరే చూసుకోండి" అన్నాడు. నెట్‌లో మూడు చూశాను.

ఒకటి, బ్రైటన్ గెస్ట్‌హౌస్‌లో టాప్ ఫ్లోర్, సముద్రం కనిపించే రూం, రాత్రికి 85 పౌండ్లు, టిఫిన్‌తో కలిపి. రెండు, పక్కనే హోవ్‌లో హోటల్, 105 పౌండ్లు. లిఫ్ట్ ఉంది కానీ కిటికీలోంచి వెనక వీధి కనపడుతుందట. మూడు, వంట చేసుకునే ఫ్లాట్, "లోయర్ గ్రౌండ్ ఫ్లోర్" అని రాశారు, 90 పౌండ్లు.

ఆమెకు రెండు మోకాళ్లూ నొప్పే. మేం గుడ్డు కూడా తినం. నా మనసు మొదటి దాని మీదే ఉంది, అంత దూరం పోయి సముద్రం కనపడని రూం ఎందుకని.

పొద్దుటూరు సిస్టర్:
నమస్తే సార్. మాది పొద్దుటూరు. హోవ్‌లోనే ఉంటాను, నర్సుగా చేస్తున్నాను. మొదటిది వద్దే వద్దు.

బ్రైటన్ సముద్రం ఎదురుగా తెల్లగా, వరసగా కనిపించే ఇళ్లు చాలావరకు రెండు వందల ఏళ్ల నాటివి. నాలుగైదు అంతస్తులు, సన్నటి మెట్లు. వాటిని వారసత్వ కట్టడాల జాబితాలో పెట్టినందున ఓనరు తన ఇష్టానికి గోడ కొట్టలేడు, అందుకే చాలా గెస్ట్‌హౌస్‌లలో లిఫ్ట్ ఉండదు. 85 పౌండ్లకే సీ వ్యూ వస్తోందంటే ఆ రూం అటక కింద ఉందన్నమాట. పైగా జూన్‌లో సీగల్స్ అనే సముద్రపు పక్షులు ఇంటి కప్పుల మీదే గూళ్లు పెట్టుకుని ఉంటాయి. ఐదు కాకముందే తెల్లారుతుంది, అప్పుడు మొదలుపెడతాయి అరుపులు. టాప్ ఫ్లోర్ వాళ్లకు నెత్తి మీదే.

మూడోది ఇంకా మోసం. లోయర్ గ్రౌండ్ అంటే మన భాషలో సెల్లార్. రోడ్డు మీది నుంచి ఇనప మెట్లో రాతి మెట్లో దిగాలి, వానకు జారతాయి. క్లీనింగ్ ఫీజు వేరే పడుతుందేమో చివరి పేజీ దాకా పోయి చూడండి, రెండు రాత్రులకు అదే బరువు.

హోవ్ హోటల్ తీసుకోండి. మీరు రూంలో ఉండేది నిద్రపోయేటప్పుడే కదా. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, అంతసేపూ ఒడ్డునే కూర్చోవచ్చు. హోవ్ వైపు ఒడ్డంతా చదును, గడ్డి మైదానాలు, బెంచీలు. బ్రైటన్ స్టేషన్ మాత్రం ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి సముద్రం దగ్గరికి దిగడం హాయే, సాయంత్రం తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. బస్సెక్కండి.

బుక్ చేసే ముందు హోటల్ వాళ్లను ఒక్కటి అడగండి. షవర్ బాత్ టబ్బులో ఉందా, నేల మీదా? ఇక్కడ చాలా చోట్ల టబ్బు అంచు మోకాలి ఎత్తు దాకా ఉంటుంది, దాన్ని దాటి లోపల నిలబడి స్నానం చేయాలి. అమ్మగారికి అదే అన్నిటికన్నా కష్టం. మా వార్డుకు వచ్చే పెద్దవాళ్లలో బాత్రూంలో పడ్డవాళ్లను చూస్తూనే ఉంటాను. "వాక్ ఇన్ షవర్" ఉన్న రూం కావాలని రాసి పెట్టండి. ఒక ప్లాస్టిక్ మగ్గు కూడా సూట్‌కేసులో వేసుకోండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

కర్నూలు కుర్రోడు:
అంకుల్, నేను బోర్న్‌మత్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నా. బ్రైటన్‌లో ఇసుకే లేదు, అంతా గులకరాళ్లు! వాటి మీద ఆంటీ నడవలేరు. ఇక్కడ పదకొండు కిలోమీటర్ల మేర మెత్తటి ఇసుక. రెడింగ్ నుంచి నేరుగా రైలుంది, మారే పని లేదు. ఒక్క చిక్కు, హోటళ్లు చాలావరకు గుట్ట మీద, బీచ్ గుట్ట కింద. పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర పల్లంలో రూం దొరికితే సూపర్.

పొద్దుటూరు సిస్టర్:
కుర్రోడు చెప్పింది నిజమే, కాళ్లు ఇసుకలో పెట్టాలంటే బోర్న్‌మత్తే. కూర్చుని చూడటానికైతే హోవ్ చాలు. బ్రైటన్‌కూ లండన్ పోనక్కర్లేదు, రెడింగ్ నుంచి గాట్విక్ ఎయిర్‌పోర్టుకు రైలుంది, అక్కడ మారాలి.

సార్, మీకు ఇంకో ఆశ చూపిస్తా. బ్రైటన్ నడిబొడ్డున రాయల్ పెవిలియన్ ఉంది. నాలుగో జార్జి రాజు విలాసానికి కట్టుకున్న భవనం, బయటికి మొత్తం మన గుమ్మటాలే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 చివరి నుంచి 1916 మొదట్లో దాకా, దాన్ని భారత సైనికులకు ఆసుపత్రిగా మార్చారు. హిందువులకు, ముస్లింలకు కుళాయిలు, వంటశాలలు వేర్వేరుగా పెట్టారు. దక్షిణం వైపు గేటు ఆ సేవకు కృతజ్ఞతగా మన దేశం ఇచ్చిందే, 1921లో తెరిచారు. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన చోట ఊరి బయట చత్రీ అనే స్మారకం ఉంది. దానికి మాత్రం అమ్మగారిని తీసుకుపోవద్దు, గుట్టల మీద చాలా దూరం నడవాలి.

అనంతపురం పాతూరు:
చాలా థాంక్సమ్మా. సీ వ్యూ మీద మోజు వదిలేశాను. పెవిలియన్ కోసమైనా బ్రైటనే పోతాం. బోర్న్‌మత్ ఇంకోసారి బాబూ, ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు తిండి సంగతి. ఫ్లాట్ వద్దంటే వంట ఎట్లా?

పొద్దుటూరు సిస్టర్:
రెండు రోజులకు వంట ఎందుకు సార్! ఆ ఫ్లాట్లలో ఎండుమిరపకాయ, ఆవాలు వేసి తిరగవాత పెట్టారంటే పొగ అలారం మోగుతుంది. మా అమ్మ వచ్చిన కొత్తలో తువ్వాలు ఊపుతూ అలారం కింద నిలబడింది, పప్పు చల్లారింది.

టిఫిన్ లేకుండా రూం ఒక్కటే తీసుకోండి. వాళ్ల టిఫిన్ అంటే గుడ్లు, పంది మాంసం, సాసేజీలు. మీకు మిగిలేది టోస్టు, బీన్సు. రూంలో కెటిల్ మామూలుగా ఉంటుంది, మీ టీపొడి తెచ్చుకోండి. బ్రైటన్‌లో దోసె దొరికే హోటళ్లున్నాయి. ఒడ్డున చిప్స్ కొంటే మాత్రం పొట్లం మూసి పట్టుకోండి, సీగల్ చేతిలోంచే ఎత్తుకుపోతుంది.

శుక్ర, శనివారాలు రేట్లు మండిపోతాయి. ఆదివారం రాత్రి చవకే కానీ ఆ రోజు పట్టాల పనులని రైలు బదులు బస్సు వేస్తుంటారు, లగేజీతో నరకం. సోమవారం పోయి బుధవారం రండి. రూం మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు, ముందే చేరితే లగేజీ రిసెప్షన్‌లో పెట్టుకోమనండి.

కర్నూలు కుర్రోడు:
అంకుల్, టూ టుగెదర్ రైల్‌కార్డ్ అని ఉంది, ఇద్దరికీ కలిపి ఒకటే. టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర ముందు మాత్రం చెల్లదు.

అనంతపురం పాతూరు:
హోవ్ హోటల్‌కు మెయిల్ పెట్టాను, జవాబొచ్చింది. షవర్ నేల మీదే ఉన్న రూం మొదటి అంతస్తులో ఇస్తారట. లిఫ్ట్ దాకా పోవాలంటే గుమ్మం ముందు మూడు మెట్లు ఎక్కాలి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందట. మూడు మెట్లయితే ఎక్కుతానంటోంది ఈమె. టిఫిన్ తీసేస్తే 105 కాస్తా 89కి దిగింది. సోమవారానికి బుక్ చేశాను.