‘ఇంటర్‌ప్రెటివ్’ అంటే వ్యాఖ్యానమా, తాత్పర్యమా?

గుంటూరులో పీజీ సోషియాలజీ పిల్లలకు పరిశోధనా పద్ధతులు చెబుతుంటాను. మనుషుల మాటలకూ చేతలకూ వాళ్ళ దృష్టిలో అర్థమేమిటో వెతికే ‘ఇంటర్‌ప్రెటివ్ రీసెర్చ్’కి ‘వ్యాఖ్యానాత్మక పరిశోధన’ అని నోట్సు రాయించాను. అక్కడే బెడిసికొట్టింది. వ్యాఖ్యానం అనగానే వాళ్ళకు క్రికెట్ కామెంటరీయో, ‘మంత్రి ఘాటుగా వ్యాఖ్యానించారు’ అనే పేపరు వార్తో గుర్తొస్తోంది. తోచింది అనేయడం అన్నమాట.

మొన్న ఒకమ్మాయి మిర్చి యార్డులో ఓ రైతుతో మాట్లాడి వచ్చింది. ‘ఈసారి రేటు ఎట్లా ఉంది బాబాయ్?’ అంటే ఆయన టిక్కీ (మిర్చి బస్తా) మీద చెయ్యేసి, కమీషన్ కొట్టు వైపు ఓసారి చూసి, ‘ఆఁ, పర్లేదమ్మా’ అన్నాడట. ఈ పిల్ల ‘రైతు సంతృప్తిగా ఉన్నాడు’ అని రాసుకొచ్చింది. ఆ చూపు సంగతి నోట్సులో లేదు, నేను గుచ్చిగుచ్చి అడిగితే బయటికొచ్చింది. ఇంతకంటే మంచి తెలుగు మాట ఏదైనా ఉందా?

విజయవాడ నుంచి ఒక జవాబు:
మాట తప్పు కాదు మేష్టారూ, అరిగిపోయిందంతే. మన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ తనకు తాను పెట్టుకున్న షరతు చూడండి:

ఇహాన్వయముఖేనైవ సర్వం వ్యాఖ్యాయతే మయా
నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే

అన్వయం, అంటే పదాల పొందిక, దారిలోనే అంతా వివరిస్తాను, మూలం లేనిదేదీ రాయను, అక్కర్లేనిది చెప్పను అని. తోచింది అనేయడానికి ఇందులో చోటెక్కడ? మీ అమ్మాయికి ‘పర్లేదు’ ఒక్కటే మూలం కాదు, ఆ చూపు కూడా మూలమే.

ఇంకొకరు:
నా ఓటు ‘తాత్పర్యం’. బళ్ళో ప్రతిపదార్థం రాశాకే కదా తాత్పర్యం రాసేది! సోషియాలజిస్టు మాక్స్ వేబర్ వాడిన జర్మన్ మాట ‘ఫెర్‌స్టేయెన్’కి కూడా అర్థం చేసుకోవడమనే అర్థం. తత్వవేత్త గిల్బర్ట్ రైల్ చెప్పిన ఉదాహరణను మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973లో ఎత్తుకున్నాడు: కన్ను అదరడం, కన్ను గీటడం చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, రెండోదానిలోనే కబురు ఉంది. మన ఇళ్ళలో అయితే అదిరినా ఊరుకోరనుకోండి, ‘ఏ కన్ను?’ అంటారు.

మళ్ళీ నేనే:
తాత్పర్యం వద్దండీ. దాన్ని గైడు చూసి బట్టీ పట్టినవాళ్ళమే అందరం. సరైన జవాబు ఒక్కటే ఉంటుందని, అదీ వెనక పేజీలో ఉంటుందని పిల్లల నమ్మకం. వ్యాఖ్యానమే ఉంచేసి, పక్కన మల్లినాథుడి శ్లోకం రాయిస్తాను. ఆ అమ్మాయి రేపు మళ్ళీ యార్డుకు వెళ్తోంది. ఈసారి కొట్టు ముందు కాకుండా టీ బడ్డీ దగ్గర అడగమన్నాను.