థ్రిల్లర్‌లో సంగీతం ఎక్కడ ఆగుతుందో విన్నారా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): రెండోసారి చూసేటప్పుడు కథ వదిలేసి రీరికార్డింగ్ ఒక్కటీ పట్టుకోండి. హంతకుడు తలుపు దాకా వచ్చేవరకు అడుగున ఒకటే స్వరం సాగుతుంటుంది. గడియ మీద చెయ్యి పడగానే అది తెగిపోతుంది. ఆ తర్వాత వినపడే గడియ కిర్రుకే గుండె జారేది. మంచి సంగీత దర్శకుడి పనితనం ఆ కోతలోనే ఉంటుంది, డప్పుల మోతలో కాదు.

వంశధార (గుణుపురం): ఆ అడుగు స్వరం వినపడాలి కదా మాస్టారూ! సన్నటి టీవీల స్పీకర్లు 100 హెర్ట్జ్ కింద, అంటే బాగా లోతు స్వరాలు, దాదాపు పలకవు. పలికిన కాస్తా ఫ్యాను హోరులో కలిసిపోద్ది. రెగ్యులేటర్ రెండుకి దించి, వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టండి. బ్లూటూత్ అయితే కొన్ని సెట్లలో శబ్దం ఆలస్యమై, కత్తి దిగాక కేక వస్తుంది. ముఖ్యంగా సౌండ్ సెట్టింగుల్లో నైట్ మోడ్, ఆటో వాల్యూమ్ ఆపేయండి. అవి చిన్న చప్పుడు పెంచి, పెద్దది తొక్కేస్తాయి. గుసగుసా కేకా ఒకే ఎత్తుకొస్తే ఇంక బిగువేటి?

నాగావళి (రాయగడ): ఇంకో చిక్కుంది. 5.1 ట్రాక్‌ని (ఆరు ఛానెళ్ళ సరౌండ్ సౌండ్) రెండు స్పీకర్లలో ఆడిస్తే, ఆ '.1' బాస్ ఛానెల్‌ని చాలా ప్లేయర్లు వదిలేస్తాయి. ఆడియో మెనూలో స్టీరియో ట్రాక్ ఉంటే అదే పెట్టుకోండి.
'సైకో' (1960)కి మాత్రం ఈ బాధ తక్కువ. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ మొత్తం తీగవాద్యాలతోనే చేశాడు, బాకా లేదు, డ్రమ్ము లేదు. స్నానాలగది హత్యకి దర్శకుడు హిచ్‌కాక్ అసలు సంగీతమే వద్దనుకున్నాడు, విన్నాక మనసు మార్చుకున్నాడు. ఆ వయొలిన్లు పై స్థాయిలో కీచుమంటాయి కాబట్టి సెల్‌ఫోన్ స్పీకర్‌లోనూ కోసేస్తాయి.

బరంపురం రీలు: థ్రిల్లర్‌లో పాటొస్తే పట్టు సడలుతుందని కొందరంటారు, నేను ఒప్పుకోను. 'క్షణ క్షణం' (1991) చూడండి. రాత్రి, అడవి, వెనకాల దొంగలూ పోలీసులూ. బెదిరిపోయిన హీరోయిన్‌ని నిద్రపుచ్చడానికి 'జామురాతిరి' పాట. కీరవాణి అక్కడ జోల పాడించాడు గాని ప్రమాదాన్ని తప్పించలేదు, అది చెట్ల అవతలే ఉంది. డ్యూయెట్ పడితే కథ ఆగిపోయేది.

కొలాబ్ (జయపురం): కీబోర్డు మీద థీమ్ పట్టుకునేవాళ్ళకి ఒక మాట. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ కోసం దాన్ని 25కి పరుగెత్తిస్తే వేగం 4 శాతం పెరుగుతుంది, శ్రుతి కూడా ఒక మెట్టుకి (ఒక మీట నుంచి పక్క మీటకి ఉన్న దూరం) కాస్త తక్కువగా పైకెళ్తుంది. అందుకే ఆ స్వరం ఏ మీటలోనూ సరిగ్గా కూర్చోదు. చెవిని తిట్టుకోకుండా ఆల్బమ్ ట్రాక్‌తో సరిచూసుకోండి.

వంశధార (గుణుపురం): అదా సంగతి! శ్రుతిని మెట్టు చొప్పున జరిపే ట్రాన్స్‌పోజ్ నొక్కితే దాటిపోద్ది, నొక్కకపోతే అందదు. ఫైన్ ట్యూన్‌తో కలపాలన్నమాట.