తుప్పు పట్టిన పాత ఇనప సామాన్లు: కంటికి కనబడే రంగులు ఫొటోలో ఎందుకు రావట్లేదు?

జగన్నాథపురం నడక:
అందరికీ నమస్కారమండీ. మాది కాకినాడ. ఆదివారాలు పొద్దున్నే కాలవ వంతెన దాటి పాత బజారు వైపు నడుస్తాను. దారిలో తుప్పు పట్టిన ఇనప వస్తువు ఏది కనబడినా ఫోన్‌తో ఫొటో తీస్తాను. కాలవలో కట్టేసిన బార్జీల గొలుసులు, పిడి విరిగిపోయిన వీధి బోరింగు, పెంకుటిళ్ళ కిటికీ ఊచలు, ఎవరూ తియ్యని గోడౌన్ల తలుపులు, అన్నీ తీస్తాను. ఇవి నాకు చాలా ఇష్టం. వారం తిరిగేసరికి వీటిలో ఏదో ఒకటి పాతసామాన్ల కొట్టుకి తూకానికి వెళ్ళిపోతుంది, అందుకే తొందర కూడా.

నా ఇబ్బంది ఇదీ. ఒక గోడౌన్ తలుపుకి నా అరచెయ్యంత తాళం ఉంది. తాళంచెవి కన్నం మీద మూత పక్కకి జరిగి అలాగే బిగుసుకుపోయింది. ఎప్పుడో వేసిన నీలం పెయింటు అంచుల్లో పైకి లేచింది, దాని కిందనుంచి తుప్పు పాకుతోంది. గుంటల్లో నలుపు, మీద ముదురు గోధుమ, పెయింటు ఊడిన చోట మంచి నారింజ రంగు. తాళం కింద సున్నపు గోడ మీద వాన నీళ్ళతో దిగిన ఎర్ర చార. ఇవన్నీ కంటికి విడివిడిగా కనబడతాయి. ఫొటోలో మాత్రం మొత్తం ఒకటే మట్టిరంగు. ఫిల్టర్ పెడితే మరీ ఎర్రగా, పెయింటు వేసినట్టు ఉంటుంది. ఏ టైములో తియ్యాలి? సెట్టింగ్ ఏమైనా మార్చాలా? నీళ్ళు చల్లితే బాగుంటుందని ఒకరన్నారు, నిజమేనా?

గట్టు మీద కెమెరా (రాజమండ్రి):
నమస్తే అండీ. ముందు ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) తెరవండి. వైట్ బ్యాలెన్స్ అంటే వెలుతురు రంగుకి తగ్గట్టు ఫొటో రంగులు సరిచేసేది. దాన్ని ఆటోలో పెడితే, ఫ్రేము నిండా నారింజ రంగు ఉన్నప్పుడు అది బల్బు వెలుతురు అనుకుని ఫోన్ ఆ వెచ్చదనాన్ని తగ్గించేస్తుంది. మీ రంగులు అక్కడే చచ్చిపోతున్నాయి. వైట్ బ్యాలెన్స్ అంకెని 5500 దగ్గర పెట్టి వదిలెయ్యండి, మబ్బుగా ఉంటే 6500.

రెండోది ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుగ్గా రావాలన్నది. నల్లటి ఇనుము కనబడగానే ఫోన్ దాన్ని వెలుగులోకి లాగుతుంది. మైనస్ 0.7కి తగ్గించి చూడండి, గుంటల్లో నలుపు నలుపుగానే ఉంటుంది. మరీ దగ్గరికెళ్ళకుండా ఒక అడుగు వెనక్కి వేసి 2ఎక్స్‌లో తియ్యండి. వైడ్ లెన్స్‌తో దగ్గరగా తీస్తే తాళం ఉబ్బినట్టు వస్తుంది, మీ నీడ కూడా దానిమీద పడుతుంది.

వెలుతురు మీకేం కావాలన్న దాన్నిబట్టి ఉంటుంది. గరుకు కనబడాలంటే పొద్దుటి ఎండ పక్కనుంచి రాసుకుంటూ పోవాలి. రంగులు కావాలంటే మబ్బు పట్టిన రోజే మేలు. తడిసిన తుప్పు రంగు లోతుగా కనబడేది నిజమే కానీ, ఊళ్ళోవాళ్ళ తలుపుల మీద నీళ్ళు చల్లొద్దండీ. వాన వెలిసిన అరగంటకి వెళ్ళండి. తడి మెరుపు ఎక్కువైతే పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్ అద్దం) ఉన్న కెమెరాతో తియ్యండి, ఆ మెరుపు తగ్గి అడుగున రంగు బయటికొస్తుంది.

పాత వెల్డరు:
అమ్మా, నేను బార్జీల రిపేరు పనిలో బతికినవాణ్ణి. ఫొటోల సంగతి నాకు తెలీదుగానీ, మీరు దేన్ని చూస్తున్నారో చెబుతాను.

నారింజగా ఉన్నది కొత్త తుప్పు. పెయింటు ఊడిన చోట గాలీ తడీ ఇప్పుడిప్పుడే తగిలాయన్నమాట. నల్లగా గట్టిగా అంటుకుని ఉన్నది పాతది. మన దగ్గర సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి పని తొందరగా జరుగుతుంది.

ఈసారి రివిట్లు వేసిన పాత రేకు దొరికితే అతుకు దగ్గర చూడండి. రివిట్టుని ఎర్రగా కాల్చి కన్నంలో దూర్చి సుత్తితో కొడతారు. చల్లారాక కుంచించుకుని రెండు రేకుల్నీ బిగించి పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆ సందులో నీళ్ళు దిగితే లోపల తుప్పు పెరుగుతుంది. ఇనుము కంటే తుప్పుకి చోటు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. అంత లావు రేకు కూడా రివిట్టుకీ రివిట్టుకీ మధ్య అలలా ఉబ్బి విచ్చుకుంటుంది. అది తియ్యండమ్మా. ఇనుముని తుప్పు వంచిన చోటు అది.

ఊచల్లో కూడా తేడా ఉంది. కొలిమిలో కాల్చి సాగగొట్టిన పాతకాలపు ఇనుమైతే తుప్పు తిన్నాక చెక్క ఈనెల్లా పొడుగ్గా చారలు తేలతాయి. బీడు, అంటే పోత ఇనుము అయితే చారలుండవు, గరుకుగా గుంటలు పడుతుంది, దెబ్బ తగిలితే పెళుసుగా విరిగిపోతుంది. మీ బోరింగు పిడి విరిగిన చోట చూడండి, తెలిసిపోతుంది.

ఫొటో కోసం దేన్నీ గీకొద్దు, తుడవొద్దు. రేకులు రేకులుగా లేచినది ఒకసారి రాలితే మళ్ళీ రాదు. చెయ్యి తెగితే నిర్లక్ష్యం చెయ్యకండి. ధనుర్వాతం తుప్పువల్ల రాదు, దానిమీదున్న మట్టిలోని క్రిమివల్ల వస్తుంది. అలాంటి మట్టి అంటిన గాయానికి, ఇంజెక్షన్ వేయించుకుని అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి.

లాకుల దారి (ధవళేశ్వరం):
రాజమండ్రి వస్తే పుష్కర ఘాట్ నుంచి హేవలాక్ వంతెన చూడండి. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్ళు నడిపారు, 1997లో ఆపేశారు. రాతి స్తంభాల మీద 56 ఖానాలు. దూరం నుంచి మొత్తం తీసే బదులు ఒక స్తంభం, దానిమీద ఆనిన గర్డరు చివర, అంతవరకే జూమ్ చేస్తే రాయీ ఇనుమూ కలిసిన చోటు బాగా వస్తుంది. పైకి ఎక్కొద్దు. రైల్వే ఆస్తుల్లో, కాలవ లాకుల దగ్గర, బ్యారేజీ మీద కాపలావాళ్ళని అడక్కుండా కెమెరా తియ్యొద్దు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఆవరణలో కూడా పాత యంత్రాలున్నాయి, పళ్ళచక్రాలంటే ఇష్టమైతే తప్పకుండా రండి.

జగన్నాథపురం నడక:
అందరికీ చాలా థాంక్సండీ. 5500లో పెట్టి, మైనస్ 0.7తో బార్జీ గొలుసు తీశాను. ఒక్కో లింకులో మూడు రంగులు విడిగా వచ్చాయి, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బాబాయిగారూ, మీరు చెప్పిన ఉబ్బిన అతుకు కూడా దొరికింది, పాత నీళ్ళ ట్యాంకు అడుగున. ఇంకొక్క సందేహం. ఒక పాత కాటా మీద ఏవో పోత అక్షరాలున్నాయి, తుప్పులో కలిసిపోయి చదవడానికి రావట్లేదు. గీకకుండా ఎలా?

పాత వెల్డరు:
సాయంత్రం వెలుతురు తగ్గాక వెళ్ళి, టార్చిలైటు ఇనుముకి దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యమ్మా. అక్షరాల నీడలు లేస్తాయి. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి పైనుంచి వేసి రెండూ తియ్యి. ఒకదాంట్లో దొరకని గీత రెండోదాంట్లో దొరుకుతుంది. అది ఏ ఫౌండ్రీ పోతో చదవగలిగితే ఇక్కడ పెట్టు, నాకూ చూడాలనుంది.

గట్టు మీద కెమెరా (రాజమండ్రి):
ఆ రెండూ తీసేటప్పుడు ఫోన్ కదలకూడదండీ. స్టాండు లేకపోతే ఇటుక మీద ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. ఫొటో పేరులోనే వీధి పేరు, తేదీ రాసుకోండి. ఆ కాటా రేపు తూకానికి వెళ్ళిపోయినా, ఎక్కడుండేదో తెలుస్తుంది.