మైనపు కోటుకు ఇంట్లో పూత వేసేటప్పుడు ఆముదం కలపవచ్చా, కూడదా?

దేవరకొండ సభ్యుడు:

పక్షులను చూడడానికి అమ్రాబాద్ అడవి వైపు తరచుగా వెళ్తుంటాను కనుక, ఆరేళ్ల కిందట మైనం పట్టించిన నూలు కోటు ఒకటి సంపాదించుకున్నాను. ఇప్పుడు భుజాల మీద, మోచేతి మడతల దగ్గర మైనం అరిగిపోయి, గట్టి వాన పడితే పది నిమిషాల్లో లోపలి చొక్కా తడుస్తున్నది. తేనెమైనం కరిగించి నేనే పూసుకోవాలని అనుకుంటున్నాను. దానిలో ఆముదం కలిపితే గుడ్డ మెత్తగా ఉంటుందని కొందరు, కలిపితే కోటు పాడవుతుందని కొందరు అంటున్నారు. కారణంతో సహా చెప్పగలరని మనవి.

కల్వకుర్తి సభ్యుడు:

నిస్సందేహంగా కలపవచ్చునని నా అభిప్రాయం. ఆముదం మన చెల్కల్లో పండిన పంట, మన పెద్దలకు దాని గుణం బాగా తెలుసు. తోలు చెప్పులు వానకు నానకుండా, ఎండకు పగలకుండా ఆముదమే పట్టించేవారు. పుట్టపాక తేలియా రుమాలు సంగతి తీసుకోండి, నూలును నూనెలో నానబెట్టే నేస్తారు, ఆ పేరు వచ్చిందే నూనె వల్ల. నూనె పట్టిన నూలు మన తెలంగాణలోనే ఇన్ని తరాలుగా నిలిచి ఉండగా, కోటుకు అదే నూనె ఎందుకు పనికిరాదు? ఒట్టి తేనెమైనం పూస్తే గుడ్డ అట్టముక్కలా బిగుసుకుపోతుంది, మడత పెట్టిన చోట తెల్లని గీతలు పడతాయి. పావు వంతు ఆముదం కలిపితే ఆ బాధ ఉండదు.

నల్గొండ సభ్యుడు:

కల్వకుర్తి పెద్దలు చెప్పిన రెండు ఉదాహరణలూ నిజమే, కానీ ఆ రెండూ నీటిని ఆపడానికి సంబంధించినవి కావు. తోలులోని పోగులు ఎండి ఒకదానితో ఒకటి రాసుకుని పగలకుండా ఉండడానికి వాటి మధ్య ఎప్పటికీ ఆరని నూనె కావాలి, ఆముదం ఆ పని చక్కగా చేస్తుంది. తేలియా రుమాలులోనైతే నూనెను ఆముదపు కాయల బూడిద నీటితో కలిపి నూలుకు పట్టిస్తారు, ఎరుపు రంగు నూలులోకి లోతుగా దిగి నిలవాలన్నదే దాని ఉద్దేశం. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గుడ్డను తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని మెచ్చుకుంటారు, వానలో వేసుకోమని ఎవరూ చెప్పరు.

మైనపు కోటుకు కావలసింది వేరు. నూలు పోగుల మధ్య సందులను నిండుగా మూసి, వాన చుక్క గుడ్డలోకి ఇంకకుండా జారిపోయేటట్లు చేసే పదార్థం కావాలి, అది అక్కడే గట్టిగా నిలవాలి. ఆముదంలో దాదాపు తొంభై శాతం రిసినోలిక్ అనే కొవ్వు ఆమ్లమే, దాని నిర్మాణం వల్ల అది గాలికి ఆరి పొరగా గట్టిపడదు. పైగా ఇతర నూనెల కన్నా దానికి నీటితో పొందిక కొంచెం ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మన ఎండ. మే నెలలో రేకుల ఇంట్లో కొవ్వొత్తి వంగిపోవడం మనందరం చూసినదే. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, దానిలో నూనె కలిపిన కొద్దీ అంతకన్నా చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది. 44 డిగ్రీల ఎండలో మోటారు సైకిల్ సీటు మీద పెట్టిన కోటు ఏమవుతుందో నాకు అనుభవం. నేను మొదటిసారి ఆముదం కలిపే పూశాను. వేసవి ముగిసేసరికి చెల్కల ఎర్ర దుమ్మంతా కోటుకు అంటుకుంది, పక్కన తగిలించిన తెల్ల చొక్కాకు మరకలు పట్టాయి, జూన్ వానకు భుజాలు మళ్లీ కారాయి.

కల్వకుర్తి సభ్యుడు:

మీ అనుభవాన్ని కాదనను. అయితే ఆరని నూనె దోషమైనప్పుడు, ఆరే నూనె వాడుకోవచ్చు కదా? అవిసె నూనె గట్టిపడుతుంది. ఓడల వాళ్లు తెరచాపలకు అదే పట్టించేవారని చదివాను.

నల్గొండ సభ్యుడు:

మీరు చదివినది సరైనదే, మైనపు గుడ్డ చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. కానీ ఆ నూనె గుడ్డ చలికి బిరుసెక్కేది, కాలం గడిచిన కొద్దీ పసుపు తిరిగేది. అందుకే తర్వాతి కాలంలో దాని స్థానంలోకి పారాఫిన్ మైనం, అంటే మామూలు కొవ్వొత్తుల మైనం, వచ్చింది. స్వీడన్‌కు చెందిన ఫ్యాల్‌రావెన్ అనే దుస్తుల సంస్థ అమ్మే మైనపు బిళ్లలో కూడా పారాఫిన్, తేనెమైనమే ఉంటాయి. అవిసె నూనెతో ఇంకొక ప్రమాదం ఉంది, దీన్ని దయచేసి తేలికగా తీసుకోకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, తుడిచిన పాత గుడ్డలను ఉండలా చుట్టి మూల పడేస్తే వాటంతటవే నిప్పు అంటుకోవచ్చు.

బిగుసుకుపోవడం గురించి మీరు చెప్పినదానిలో సత్యం ఉంది, కానీ దానికి కారణం పూత మందంగా ఉండడం. నేను ఇప్పుడు మూడు వంతుల తేనెమైనానికి ఒక వంతు మామూలు కొవ్వొత్తి మైనం కలుపుతున్నాను. చల్లని ఊళ్లలో పారాఫిన్ ఎక్కువగా ఉన్నా నడుస్తుంది, మన దగ్గర కరుగు వేడి ఎక్కువగా ఉన్న తేనెమైనానిదే పైచేయి కావాలి. ముందుగా కోటును సబ్బు లేకుండా చల్లని నీటితో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, ఎందుకంటే కోటుకు మిగిలిన మైనాన్ని కూడా సబ్బు లాగేస్తుంది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా, నీళ్లు మరిగే గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించాలి. పాత బనియను ముక్కతో ఒక్కో జానెడు చోట పలుచగా రుద్ది, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేస్తే మైనం పోగుల్లోకి దిగుతుంది, మిగిలినదాన్ని వెంటనే తుడిచేయాలి. కుట్ల మీద మాత్రం రెండుసార్లు పూయండి. సూది దిగిన ప్రతి రంధ్రమూ నీటికి దారే, మీ భుజాలు కారేది కూడా చాలా వరకు అక్కడి నుంచే అయి ఉంటుంది.

మిర్యాలగూడ సభ్యుడు:

ఇంత శ్రమ ఎందుకు? మూడు నాలుగు వందలకు ప్లాస్టిక్ రెయిన్ కోటు వస్తున్నది కదా.

నల్గొండ సభ్యుడు:

రోడ్డు మీద బండి నడిపేవారికి అదే మేలు, దానిలో వాదన లేదు. దేవరకొండ మిత్రుడు వెళ్లేది సర్కారు తుమ్మ పొదల మధ్యకు. ప్లాస్టిక్ కోటు మొదటి ముల్లుకే చీలిపోతుంది, అడుగడుక్కీ చప్పుడు చేసి పిట్టను లేపుతుంది. మన గొర్రెల కాపరులు నల్ల గొంగడిని కొప్పెరగా, అంటే తల మీదుగా కప్పుకుని, వానలో నిలబడేది కూడా ముల్లుకు, చలికి, నీటికి ఒకే గుడ్డ తట్టుకోవాలనే. గాలి ఆడే విషయంలో గొంగడి మైనపు కోటు కన్నా మేలని నా నమ్మకం, బరువు ఒక్కటే దాని ఇబ్బంది.

కల్వకుర్తి సభ్యుడు:

నూలు గుడ్డకు ఆముదం వద్దన్న మాట ఒప్పుకుంటున్నాను. చెప్పులకు మాత్రం మానను.

దేవరకొండ సభ్యుడు:

అందరికీ ధన్యవాదాలు. అమ్రాబాద్ అడవి దగ్గరి మన్ననూరు వైపు వెళ్లినప్పుడు తేనెమైనం దొరుకుతుందేమో విచారిస్తాను. ముందుగా ఒక మోచేతి దగ్గర మాత్రమే పూసి, బక్కెట నీళ్లు పోసి చూస్తాను. పూత వేసిన కోటును బీరువాలో ప్లాస్టిక్ కవరులో పెట్టవచ్చా?

నల్గొండ సభ్యుడు:

పెట్టవద్దు. తడి కొంచెం మిగిలినా బూజు పడుతుంది, మైనపు గుడ్డకు పట్టిన బూజు వాసన పోగొట్టడం చాలా కష్టం. గాలి ఆడే గదిలో, ఎండ తగలని గోడకు, మిగతా బట్టలకు దూరంగా వెడల్పాటి హ్యాంగరుకు తగిలించండి.