నాయనమ్మ సంవత్సరీకానికి పుస్తకం వేయాలి, ముందు ఏం చూసుకోవాలి?

కొత్తపేజీ: నాయనమ్మ సంవత్సరీకానికి ఇంకా మూడు నెలలుంది. ఆవిడ గురించి 48 పేజీల పుస్తకం, 150 కాపీలు వేసి చుట్టాలకు పంచాలని అనుకుంటున్నాం. గోడ మీది పటాలు, తాతయ్య చెప్పే సంగతులు, ఆవిడ ఆండ్రాయిడ్ ఫోను ఉన్నాయి. పెళ్లి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు.

పాతపటం: అన్నిటికంటే ముందు ఫోను. రీఛార్జి లేక సిమ్ 90 రోజులు వాడకపోతే నంబరు పోవచ్చు, వాట్సాప్ అకౌంటుకైతే 120 రోజులు. మీకు తొమ్మిది నెలలు దాటింది, తీసేస్తే ఆ నంబరుతో మళ్లీ తెరవలేకపోవచ్చు కాబట్టి యాప్ తీసేయకండి, ఫోను రీసెట్ చేయకండి. వాట్సాప్ ఫోల్డర్లో 'వాయిస్ నోట్స్' అని ఉంటుంది, దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఆవిడ గొంతు అందులోనే ఉంటుంది.

అద్దం నుంచి ఫోటో పీకొద్దు, బొమ్మ పొర అద్దానికే ఉండిపోయి ఉత్త కాగితం చేతికొస్తుంది. అద్దం పైవైపు తుడిచి, ఫ్లాష్ ఆపి, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి కెమెరాతో తీయండి. కెమెరా వెనక నల్లగుడ్డ పట్టుకుంటే మీ నీడ అద్దంలో కనపడదు. మిగతావి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. అచ్చుకు 300 కావాలి, అంటే రెండంగుళాల ఫోటో నాలుగంగుళాలకు పెంచినా చెడదు. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గకుండా డాక్యుమెంటుగానే పంపండి.

తిథివారం: తాతయ్యను "ఏ సంవత్సరం?" అని అడిగితే చెప్పలేరు. "ఏ పుష్కరాలకి?" అని అడగండి. గోదావరివి 1955, 1967, 1979. కృష్ణవి 1956, 1968, 1980. తెలుగు సంవత్సరం పేరు దొరికితే ఇంకా మంచిది, కానీ ఒక మెలిక ఉంది. వ్యయ నామ సంవత్సరం మాఘమాసం అంటే 1946 కాదు, 1947. ఉగాది దాకా పాత పేరే నడుస్తుంది. తేలకపోతే "సుమారు" అని వేయండి, ఊహించి తేదీ అచ్చేయొద్దు.

అచ్చుతప్పు: 150 కాపీలకు ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేసే అచ్చు) దండగ, ప్లేట్ల ఖర్చే ఎక్కువ. డిజిటల్ చాలు. డెమ్మీ 1/8 సైజు (సుమారు 5.5 x 8.5 అంగుళాలు), లోపల 100 జీఎస్ఎం కాగితం (జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), సెంటర్ పిన్ (మధ్య మడతలో పిన్నులు). 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు (నున్నటి కాగితం) పెడితే పుస్తకం సరిగ్గా మూసుకోకపోవచ్చు. పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి.

టైపింగ్ యూనికోడ్‌లో (ఫోన్లలోనూ చదవగలిగే పద్ధతి) చేయించండి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) కొడితే రేపు ఆ మ్యాటర్ ఫోన్లో పెట్టుకుందామన్నా పిచ్చిగీతలే. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' అనే సెట్టింగు పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. ఒక కాపీ కాగితం మీద తీసి, పేర్లు ఇద్దరి చేత చదివించండి. కోడళ్ల పేర్లలో తప్పొస్తే ఆ మాట పదేళ్లు పడాలి.

ఆవపిండి: పుట్టింటి ఇంటిపేరు తప్పక వేయండి, చాలా పుస్తకాల్లో అదే ఉండదు. పొగడ్తలు తగ్గించి ఆవిడ ఆవకాయ కొలత రాయండి. సోల, గిద్ద అని వదిలేయొద్దు. ఆవిడ వాడిన గిన్నెనే నీళ్లతో నింపి మిల్లీలీటర్లలో కొలవండి.

తిథివారం: ఒక్కమాట. మూడు నెలలని ఏ లెక్కన? సంవత్సరీకం తిథికి కదా. మామూలుగా ఇంగ్లీషు తేదీకంటే 11 రోజులు ముందొస్తుంది, మధ్యలో అధికమాసం పడితే సుమారు 19 రోజులు ఆలస్యంగా వస్తుంది.

కొత్తపేజీ: ఇంగ్లీషు తేదీకే లెక్కేశాను. పంతులుగారిని అడుగుతా. ఫోను ఛార్జింగులో పెట్టించాను.